నోటి మాట, చేతి రాత

మన కరెన్సీ నోటు వెనక చిన్న గడిలో పదిహేను భాషలు ఒకదాని కింద ఒకటి నిలబడి ఉంటాయి. అస్సామీతో మొదలై ఉర్దూతో ముగిసే ఆ వరుసలో తెలుగుది పధ్నాలుగో స్థానం. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో నోట్లు చూస్తూ బతుకుతున్నదాన్ని గనక, ఆ గడి మీద కన్ను పడకుండా ఏ నోటూ నా చేతిలోంచి దాటిపోదు. ఒరిస్సాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లకి ఇదొక అలవాటు. ఊళ్లో బస్సుల మీదా ఆఫీసు కాగితాల మీదా కనిపించని మన అక్షరం కనీసం మన పర్సులో ఉంది కదా అన్న ధైర్యం.

అందుచేత మారిషస్ విమానాశ్రయంలో డబ్బు మార్చుకోగానే నోట్లను అటూ ఇటూ తిప్పి చూశాను. వాళ్లదీ రూపాయే. మన దగ్గర లేని ఇరవై ఐదు రూపాయల నోటు కూడా ఉంది. నూరు రూపాయల నోటు మీద రంగనాథన్ శ్రీనివాసన్ అనే తమిళ నాయకుడి బొమ్మ, రెండు వేల నోటు మీద స్వాతంత్ర్యం తెచ్చిన శివసాగర్ రామ్‌గులామ్ బొమ్మ. ఇంగ్లీషు అక్షరాలున్నాయి, తమిళం ఉంది, దేవనాగరి ఉంది. తెలుగు లేదు.

ఆ నోట్ల మీద అక్షరాలకు ఒక కథ ఉంది. 1998లో కొత్త నోట్లు అచ్చువేసినప్పుడు తమిళ అక్షరాలను దేవనాగరి కిందికి దించారు. అంతకు ముందు తమిళమే పైన ఉండేది. తమిళులు ఊరుకోలేదు. పెద్ద గొడవైంది. ఆఖరికి నోట్లు వెనక్కి తీసుకుని, పాత వరుసలో మళ్లీ అచ్చువేయవలసి వచ్చింది. ఒక గీత పైనా కిందా అయినందుకు దేశం నోట్లనే మార్చుకుంది! బయటివాళ్లకి ఇది చాదస్తంగా కనబడవచ్చు. పరాయి రాష్ట్రంలో భాషను మోసుకు తిరిగే మనబోటివాళ్లకి మాత్రం ఆ గీత విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

నోటు మీద లేని తెలుగు అక్కడి కాలెండరులో ఉంది. ఉగాది మారిషస్ అంతటా ప్రభుత్వ సెలవు. బరంపురంలో నేను ఉగాది పచ్చడి చేసుకోవాలంటే క్యాజువల్ లీవు పెట్టుకోవాలి. పన్నెండు పదమూడు లక్షల జనం ఉన్న ఆ చిన్న దీవిలో మాత్రం తెలుగు కొత్త సంవత్సరానికి చైనావాళ్లూ క్రైస్తవులూ ముస్లిములూ అందరూ సెలవు అనుభవిస్తారు. సర్కారు ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు కోరుకుంటే తెలుగు నేర్పుతారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ దేశంలోనే. ఇదంతా విన్నప్పుడు మనసులో కొంచెం అసూయ కలిగిందని చెప్పాలి.

అయితే మేము వెళ్లింది భాష కోసం కాదు, సముద్రం కోసం. మా అమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగం. రెండేళ్ల క్రితం అండమాన్లలో డైవింగ్ నేర్చుకుంది. ముప్ఫై మీటర్ల లోతు దాకా దిగేందుకు సర్టిఫికెట్ కూడా సంపాదించింది. "నాన్న రిటైరయ్యారు, నీకింకా నాలుగేళ్లుంది. మోకాళ్లు బాగున్నప్పుడే ఒక దీవి చూసొద్దాం రండి" అని తనే టిక్కెట్లు కొంది. ముంబయి నుంచి ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. కిటికీలోంచి చూస్తే ముందు పగడపు దిబ్బల తెల్లని నురుగు గీత, దాని లోపల లేత నీలం నీళ్లు, ఆ తరువాత ఒకటే చెరుకు. ఆ చెరుకు చేల మధ్య అక్కడక్కడ నల్లరాళ్ల గుట్టలు. ఆ గుట్టలేమిటో మొదటి రోజు నాకు బోధపడలేదు.

ఆ దీవిలో ఆదివాసులు లేరు. అరబ్బు నావికులకీ పోర్చుగీసువాళ్లకీ తెలిసినా ఎవరూ కాపురం పెట్టలేదు. 1598లో డచ్చివాళ్లు దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. చెరుకు తెచ్చినవాళ్లూ వాళ్లే. ఎగరలేని డోడో పక్షి అంతరించిపోయిందీ వాళ్ల కాలంలోనే. 1710లో వాళ్లు వదిలేసి వెళ్తే, 1715లో ఫ్రెంచివాళ్లు ఆక్రమించుకున్నారు. రేవు పట్నం పోర్ట్ లూయీని తీర్చిదిద్దిన గవర్నరు మహే ద లాబూర్దొనే 1735లో వచ్చాడు. 1746లో ఇంగ్లీషువాళ్ల నుంచి మద్రాసు పట్టుకున్నది ఈయనే. రేవు కట్టడానికి పాండిచ్చేరి నుంచి చేతిపనివాళ్లను తెప్పించుకున్నాడు. యానాం పాఠకులు గమనించాలి: ఆ రోజుల్లో పాండిచ్చేరి, యానాం, ఈ దీవి, మూడూ ఒకే ఫ్రెంచి కంపెనీ ఖాతా పుస్తకంలో పద్దులు. 1810లో ఇంగ్లీషువాళ్లు గెలుచుకున్నారు గాని అక్కడి ఫ్రెంచి భాషనూ అలవాట్లనూ కదిలించలేదు. అందుకే ఈనాటికీ ఆఫీసు రాతకోతలు ఇంగ్లీషులో, పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో, వీధిలో మాట క్రియోల్‌లో సాగుతున్నాయి. ఆఫ్రికా బానిసల నోట ఫ్రెంచి మారి మారి క్రియోల్ అయింది. ఇప్పుడు అందరి ఇంటి భాష అదే. భారతీయ సంతతివాళ్లు జనాభాలో మూడింట రెండు వంతులు ఉన్నా, వాళ్లదీ అదే.

మేము ఉత్తరపు కొసన గ్రాండ్ బే అనే ఊళ్లో దిగాం. అక్కడ నాబోటి ఈత రానివాళ్ల కోసం కూడా సముద్రగర్భ విహారం ఉంది. తలకి పెద్ద గాజు ముఖం ఉన్న హెల్మెట్ తగిలిస్తారు. పైన పడవలోంచి గొట్టంతో గాలి వస్తూ ఉంటుంది. నిచ్చెన మీద మూడు నాలుగు మీటర్లు దిగి ఇసుకలో నడవడమే. దిగేముందు అక్కడి యువకుడు నాలుగు సైగలు నేర్పాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే బాగున్నట్టు. బొటనవేలు పైకెత్తితే పైకి తీసుకుపొమ్మని. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ఏదో ఇబ్బందని. మాతో దిగిన ఢిల్లీ పెళ్లికొడుకు చేపలను చూసిన సంబరంలో భార్యకి బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆ యువకుడు వచ్చి మర్యాదగా రెక్క పట్టుకుని నిచ్చెన ఎక్కించేశాడు! నీళ్ల కింద మాట లేదు. సైగకి అర్థం ఒక్కటే. రెండో అర్థం ఉంటే ప్రాణం మీదికొస్తుంది.

ఆ ఇరవై నిమిషాలు నాకు వినబడింది నా ఊపిరి ఒక్కటే. పసుపు నలుపు చారల చేపలు రొట్టె ముక్క కోసం గాజు ముందుకొచ్చి ముక్కు తాకించి పోయాయి. మావారు పైన పడవలోనే కూర్చున్నారు. "నువ్వు చూసొచ్చి చెప్పు, నేను వింటాను" అన్నారు. ఆయన సంస్కృతం మాస్టారు. ఏదైనా వినడమే ఆయనకి అలవాటు.

అమ్మాయి అసలు డైవింగ్ వేరు. ట్రూ ఓ బిష్ తీరానికి దగ్గర్లో స్టెల్లా మారు అనే జపాను చేపల ఓడ ఒకటి నీటి అడుగున ఉంది. అది ప్రమాదంలో మునిగింది కాదు. చేపలకు ఇల్లవుతుందని 1987లో కావాలని ముంచారు. అమ్మాయి దాని దాకా దిగి వచ్చింది. సాయంత్రం కూర్చోబెట్టుకుని నాకు ఆ విద్యలోని లెక్క చెప్పింది. ప్రతి పది మీటర్లకి ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి నిలవ ఉంటుంది. గబుక్కున పైకి వస్తే, సోడా బుడ్డి మూత తీసినట్టు నెత్తుట్లో బుడగలు లేస్తాయి. అందుకని నెమ్మదిగా రావాలి. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. డైవింగులు ముగిశాక పద్దెనిమిది గంటలపాటు విమానం ఎక్కకూడదు.

"అంటే నైట్రోజన్ అప్పులాంటిదన్నమాట. దిగినప్పుడు తీసుకుంటాం, వాయిదాల్లో తీర్చాలి" అన్నాను.

"నీకు అన్నీ బ్యాంకేనా అమ్మా!" అని నవ్వింది.

మూడో రోజు తెరచాప పడవలో ఉత్తరపు చిన్న దీవులకు వెళ్లాం. ఇల్ ప్లాత్ అనే బల్లపరుపు దీవి, దాని పక్కన గాబ్రియెల్ దీవి. పడవలో పాట, కాల్చిన చేప, రమ్ము. గాబ్రియెల్ దీవి తెల్లటి ఇసుక మీద జనం తువ్వాళ్లు పరిచి పడుకున్నారు. అమ్మాయి కళ్లద్దాలూ గొట్టమూ పెట్టుకుని పగడాలు చూడ్డానికి ఈదుకుంటూ పోయింది. పడవ నడిపే పెద్దమనిషి మావారితో మాటల్లో చెప్పాడు. 1856లో కలకత్తా నుంచి కూలీలను తెచ్చిన రెండు ఓడల్లో కలరా సోకిందని, వాళ్లను రేవుకి రానివ్వకుండా ఇక్కడ దింపేశారు. సరైన నీడా నీళ్లూ లేని చోట వందలమంది చచ్చిపోయారు. ఇక్కడి మూలాలున్న ఫ్రెంచి రచయిత, 2008లో నోబెల్ బహుమతి అందుకున్న లె క్లెజియో, ఈ దీవుల క్వారంటైన్ మీద ఒక నవల కూడా రాశాడు. నాకు ఆ తరువాత ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చోవడం చేతకాలేదు. అలాగని చుట్టూ నవ్వుతున్నవాళ్ల మీద కోపమూ రాలేదు. వాళ్లలో సగం మంది ఆ కూలీల మునిమనవలే. చచ్చిపోయినవాళ్లు ఏ తీరం చేరాలని అనుకున్నారో ఆ తీరం నుంచే వీళ్లు ఆదివారం గడపడానికి వచ్చారు.

మర్నాడు పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ చూశాం. ఇది 1849లో కట్టిన కూలీల డిపో. ఒకప్పుడు కూలీ ఘాట్ అనేవారు, 1987లో పేరు మార్చారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అక్కడున్నది పెద్ద కట్టడమేమీ కాదు. కొన్ని నల్లరాతి గోడలు, గదులు, వాటి మధ్య రాతి మెట్లు. ఓడ దిగిన ప్రతి మనిషీ ఆ మెట్లెక్కాడు. 1835 ఫిబ్రవరి 1న దీవిలో బానిసత్వం రద్దయింది. చెరుకు నరికే చేతులు కావాలి. అందుకోసం అంతకు ముందు ఏడు, 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో ముప్ఫై ఆరుగురితో మొదలై, ఇరవయ్యో శతాబ్దం మొదటి సంవత్సరాల దాకా నాలుగున్నర లక్షల మందిని మన దేశం నుంచి తెచ్చారు.

ఆ ఒప్పందాన్ని నేను బ్యాంకువాళ్లు ఋణపత్రం చదివినట్టు చదివాను. ఐదేళ్ల కట్టుబాటు. మొదటి రోజుల్లో మగవాడికి నెలకు ఐదు రూపాయలు, బియ్యం పప్పు ఉప్పు వగైరా బత్తెం. జీతంలోంచి పట్టుకోవడాలు వేరే. వీటిలో ఒకదాని పేరు డబుల్ కట్. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. జ్వరంతో పది రోజులు పడుకున్నవాడు లేచేసరికి ఇరవై రోజులు బాకీ. ఏ వడ్డీ వ్యాపారికీ ఇంత చక్కటి లెక్క తోచి ఉండదు. విమానంలోంచి కనిపించిన నల్లరాళ్ల గుట్టలు అప్పుడు అర్థమయ్యాయి. చెరుకు నాటడానికి నేలలోని అగ్నిపర్వతపు రాళ్లను చేత్తో ఏరి పోగులు పెట్టింది ఈ మనుషులే. ఇప్పుడు చెరుకు కోసేస్తే ఆ పోగులు ఒక్కటే మిగులుతాయి.

ప్రతి కూలీకీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులు, అన్నీ రిజిస్టర్లో ఎక్కించారు. తరువాతి రోజుల్లో ఫోటోలు కూడా తీశారు. ఆ రిజిస్టర్లు మోకాలో ఉన్న మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. 1970లో ఏర్పడిన ఆ సంస్థలోనే పెద్ద చదువుల్లో తెలుగు కూడా నేర్పుతారు. ముత్తాత నంబరు దొరికితే ఆయన ఊరు దొరుకుతుంది. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన పేరు వంశానికి ఇంటిపేరై కూర్చుంది. నాయుడు నైడూ అయ్యాడు. మనవాళ్ల పేర్ల చివరి 'డు' ఫ్రెంచి గాలికి దీర్ఘం తీసింది.

మన ఉత్తర సర్కారు జిల్లాలవాళ్లు ఎక్కువగా 1840ల నుంచి వచ్చారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు 1839 తుపానుకి ముందు సముద్రాల మీద మారుమోగేది. బర్మాలో మనవాళ్లందరినీ కోరంగీలనే అనేవారు. ఇక్కడా అదే పేరుతో పిలిచేవారట. గంజాం ఆ సర్కారు జిల్లాల్లో ఒకటి. మా వైపు ముసలివాళ్లు వలస అంటే 'రంగం' పోవడమనే అనేవారు. గోపాలపురం రేవులో రంగూను ఓడలెక్కినవాళ్ల కథలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. మారిషస్ పోయినవాళ్ల కథ మాత్రం మా ఇళ్లలో ఒక్కటీ లేదు. రంగం పోయినవాళ్లు తిరిగొచ్చి చెప్పారు. వీళ్లలో చాలామంది తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం మా టాక్సీ డ్రైవరు, మేము తెలుగువాళ్లమని తెలిసి, తూర్పు వైపు ఒక పల్లెలో ఉన్న తెలుగువాళ్ల గుడికి తీసుకువెళ్లాడు. గుడిని చూసుకుంటున్న పెద్దాయన బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. "నమస్కారం, దయచేయండి" అని స్పష్టమైన పుస్తకపు తెలుగులో పలికి, ఆ పైన ఇంగ్లీషులోకి దిగిపోయారు. ఇంట్లో తామంతా క్రియోల్ మాట్లాడతామని, తెలుగు తనకి బడిలో వచ్చినదే గాని ఒడిలో వచ్చినది కాదని చెప్పారు. రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజన గురించి, అమ్మోరు పండుగ గురించి, సింహాద్రి అప్పన్న పూజ గురించి చెబుతుంటే మాకు మా వీధిలో ఉన్నట్టే అనిపించింది. అప్పన్నని కొలిచేవాళ్లు ఎక్కణ్నించి వెళ్లారో చెప్పడానికి ఏ రిజిస్టరూ అక్కరలేదు.

గుడి వెనకే వాళ్ల ఇల్లు. వసారాలో ఆయన తల్లి కూర్చుని మునగాకు దూస్తోంది. మునగాకుని అక్కడ 'బ్రెద్ మురుం' అంటారు. అంగట్లో అమ్మే 'గాతో పిమా' సాక్షాత్తు మన పప్పు వడే. ఆవిడకి తొంభై దగ్గర పడుతున్నాయి. చదువు రాదు. కొడుకు ఏదో క్రియోల్‌లో చెప్పగానే నా వైపు తేరిపార చూసి, పక్కన చాప మీద చేత్తో తట్టి, "కూకో" అంది.

బరంపురంలో మా నాయనమ్మ ఆ మాటే అనేది. "కూర్చో" అని మేము బడిలో నేర్చుకొచ్చి ఆవిడని వెక్కిరించేవాళ్లం. నూట డెబ్బై, నూట ఎనభై ఏళ్లు సముద్రం అవతల ఉండి, ఎవరూ దిద్దకుండా, ఎవరూ వెక్కిరించకుండా ఆ మాట నా ముందుకొచ్చింది. నేను కూకున్నాను.

ఆవిడకి మిగిలిన తెలుగు ఎంతో లేదు. "ఏ ఊరు?" అంది. "బరంపురం, గంజాం" అన్నాను. తల అడ్డంగా ఊపింది. దేవుడి పేర్లు, భజన పదాలు, "దీపం", "తల్లి", "బువ్వ", అంతే. భజన పాటలు మొదటి నుంచి చివరి దాకా పాడుతుందట. అర్థం అడిగితే నవ్వుతుందట.

ఇంతలో మనవడు వచ్చాడు. పదేళ్లవాడు, బడిలో తెలుగు తీసుకున్నాడు. తాత చెప్పగానే గుడి గోడ మీది రాతను వేలితో చూపిస్తూ గడగడా చదివాడు. సంయుక్తాక్షరాలు కూడా ఎక్కడా తడబడలేదు. మావారు ఆనందం పట్టలేక, "భేష్! నీ పేరేమిటి నాయనా?" అన్నారు. వాడు తాత మొహం చూశాడు. ప్రశ్న అర్థం కాలేదు.

మా అమ్మాయి వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వాడు చదివిన ఒక్కొక్క మాటకీ ఇంగ్లీషులో అర్థం చెప్పడం మొదలుపెట్టింది. వాడు చదివేవాడు, ఇది అర్థం చెప్పేది. పది నిమిషాలు అలా ఆడుకున్నారు. కారెక్కాక తను అన్న మాట ఇది: "వాడు చదువుతాడు, వాడికి తెలియదు. నాకు తెలుసు, నేను చదవలేను. ఇద్దరం కలిస్తే ఒక తెలుగు మనిషి అయ్యాం అమ్మా."

మా అమ్మాయి ఇంగ్లీషు మీడియంలో చదివింది. రెండో భాష ఒరియా, తరువాత హిందీ. ఇంట్లో నోరారా తెలుగు మాట్లాడుతుంది, సామెతలు కూడా వేస్తుంది. అక్షరాలు మాత్రం రావు. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తుంది. మన వీధుల్లో ఈ ఈడు పిల్లలు ఎక్కువమంది ఇలాగే ఉన్నారు. సోలాపూరులో, బళ్లారిలో, హోసూరులో ఉన్న మా బంధువుల ఇళ్లలోనూ ఇదే చూశాను.

నేను కామర్స్ చదివినదాన్ని. రెండు వైపులా రాస్తే గాని నాకు లెక్క తేలదు. మారిషస్ తెలుగువాళ్ల జమలో ఉగాది సెలవు ఉంది, బడి ఉంది, పంతులు ఉన్నాడు, గుళ్లో గోడ మీద అక్షరం ఉంది. ఖర్చులో నోటి మాట పోయింది. సంతలోనూ పొలంలోనూ పక్కింటివాళ్లతోనూ పని జరగాలంటే క్రియోలే కావాలి, కొత్తగా తెలుగు తెచ్చే ఓడా లేదు. మాట ఆగిపోయింది. ప్రభుత్వం అక్షరాన్ని నిలబెట్టగలిగింది గాని ఆకలేసినప్పుడు ఏ భాషలో అన్నం అడగాలో చెప్పలేకపోయింది. మన లెక్క దీనికి తలకిందులు. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాజధాని నుంచి ఒరిస్సాకి వెళ్లింది. బడి తగ్గింది, బోర్డు పోయింది. కాని విశాఖపట్నం రైలు ఉంది, పెళ్లి సంబంధాలున్నాయి, సినిమా ఉంది. అందుచేత మాట మిగిలింది, రాత ఖర్చులో పడింది.

ఏ నష్టం పెద్దది అని మావారితో రెండు రోజులు వాదించుకున్నాం. మాట ఉంటే చాలు, రాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు అని ఆయన. వినడానికి బాగుంది. కాని 'ఎప్పుడైనా' అనేది ఏ ఖాతాలోనూ గడువు కాదు. రాత లేని మాటలో కొత్త మాట పుట్టదు. బ్యాంకు గురించీ జబ్బు గురించీ సముద్రం అడుగున చూసిన దాని గురించీ చెప్పాలంటే పిల్లలు ఇంగ్లీషులోకి జారుకుంటారు. చివరికి మాట వంటింటికీ పూజగదికీ పరిమితమవుతుంది. ఆ ముసలావిడ నోట మిగిలినవి సరిగ్గా ఆ రెండు గదుల మాటలే. అది చూశాక నాకు భయం వేసింది. మనం వాళ్ల కన్నా గొప్పవాళ్లం కాము. అదే దారిలో కొన్ని మెట్లు వెనక ఉన్నాం. అంతే.

ఇంకొకటి కూడా అక్కడే విన్నాను. 2020 జూలైలో వకాషియో అనే సరుకు ఓడ ఆగ్నేయ తీరాన పగడపు దిబ్బకెక్కి, ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె నీళ్లలోకి ఒలికింది. సర్కారు కోసం కాచుకోకుండా జనం వేలమంది తీరానికి వచ్చి, గుడ్డ గొట్టాల్లో ఎండిన చెరుకాకు కూరి, జుట్టు కత్తిరించి ఇచ్చి, నూనెకి అడ్డంగా తేలే కట్టలు కట్టారు. ముత్తాతల నడుములు విరిచిన చెరుకు మునిమనవలకి సముద్రాన్ని కాపాడుకునే సాధనమైంది. దగ్గరున్న వస్తువుతో, ఉన్న చేతులతో, ఆలస్యం కాకముందు చేశారు. అక్షరానికి కావలసింది కూడా ఇంతకంటె ఎక్కువ కాదనుకుంటాను. యాభై ఆరు అక్షరాలు ఇంట్లో నేర్పడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు. పలక ఉంటే చాలు.

అమ్మాయి చివరి డైవింగు ముగిశాక ఆ పద్దెనిమిది గంటలు ఎటూ కదలడానికి లేదు. హోటలు వసారాలో కూర్చున్నాం. తనే కాగితం పట్టుకొచ్చింది. తెలిసిన మాటలతోనే మొదలుపెట్టాను: అల, ఈత, ఉడత, ఓడ. మాట ముందే ఒంట్లో ఉంది గనక అక్షరం చాలా తొందరగా పట్టుబడింది. రాత్రి భోజనానికి లేచేసరికి అచ్చులు పూర్తయి హల్లుల్లో సగం వచ్చాయి. ఐదేళ్ల పిల్లకి ఆరు నెలలు పట్టేది ఇరవై ఆరేళ్ల పిల్లకి ఒక సాయంత్రంలో వచ్చింది. పెద్దయిపోయారు, ఇక రాదు అనుకునే తల్లిదండ్రులు ఇది గమనించాలి.

మేము తిరిగొచ్చి ఐదు నెలలైంది. ఆదివారం పొద్దుట మా వీధి పిల్లలు నలుగురు వస్తున్నారు. ఒకడు క్రికెట్ ఉంటే రాడు. అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోనులో తెలుగు అక్షరాలతో ఉత్తరం రాస్తోంది. ఒత్తుల దగ్గర ఇంకా ఇబ్బంది పడుతోంది. ఈ పత్రికకు తన పేర సంవత్సర చందా కట్టాను. తొలి సంచిక అందిందని రాసింది, చదివానని రాయలేదు. మార్చి నెలాఖరుకి లెక్క చూడాలి.